పిలవని పేరు

క్లేతోర్ చావు పాట పాడీ పాడీ నాకు విసుగొచ్చేసింది. పెళ్ళయినా ఇదే పాట, గొర్రెలు ఈనినా ఇదే పాట, పొరుగూరి పెద్దమనిషి చుట్టపుచూపుగా వచ్చినా ఇదే పాట. మర్యాదకి వేరేది మొదలుపెడతాను. ఇంకా శ్రుతి కుదరకముందే ఎవడో ఒకడు ఎముక చీకుతూ, "అది కాదు తెలెస్, మన క్లేతోర్‌ది ఎత్తుకో" అంటాడు. ఎత్తుకుంటాను. తిండి పెట్టేది వాళ్ళు.

పాట ఇలా నడుస్తుంది. తూరుపు తీరంలో మావాళ్ళు ఓడిపోయి పడవలకేసి పరుగెడుతుంటారు. క్లేతోర్ మా దొర. అతని రథం తోలే బ్రియాస్ మొదటి చరణంలోనే చచ్చిపోతాడు. స్నేహితుడి శవాన్ని శత్రువు చేతికి వదలనని క్లేతోర్ దాని మీద అటొక కాలూ ఇటొక కాలూ వేసి, డాలు అడ్డం పెట్టి, పడవలన్నీ నీళ్ళలోకి దిగేదాకా ఒంటరిగా నిలబడతాడు. బల్లెం విరిగితే కత్తి తీస్తాడు. కత్తి విరిగితే రాయి ఎత్తుతాడు. ఆ రాయి దగ్గరికి వచ్చేసరికి ముసలివాళ్ళు కళ్ళు ఒత్తుకుంటారు.

రాయిని అక్కడ పెట్టింది నేనే. పడవలోంచి చూస్తే దుమ్ము తప్ప మాకేమీ కనపడలేదు. అయితే తిరిగిరాని మనిషి ఎలా పోయి ఉంటాడో చెప్పడం నా వృత్తి. ఏమీ కనపడలేదని పాడితే నాకు మాంసం కాదు కదా, ఉల్లిపాయ కూడా పెట్టరు.

ఒడ్డు వదిలేముందు రానివాడి పేరు మూడుసార్లు పిలవడం మా ఆచారం. పలికితే ఆగుతాం. పలక్కపోతే వాడు పోయినట్టే, వాడి ప్రాణం ఆ పిలుపు పట్టుకుని మాతోపాటు పడవెక్కినట్టే. ఆ రోజు పిలిచిందీ నేనే, గొంతున్నవాణ్ణి కదా అని నన్ను ముందుకి తోశారు. జవాబు రాలేదు. ఊరు చేరాక సముద్రం కనపడే గుట్ట మీద, శవం లేకపోయినా సమాధిగా ఖాళీ దిబ్బ పోశాం. అతని తల్లి నికిప్పె జుట్టు కోసి అందులో వేసింది. అప్పట్నుంచి ఆమె పగలంతా ఆ దిబ్బ దగ్గరే ఉంటుంది. బల్లెం పట్టే వయసొచ్చిన ప్రతివాడూ దాని మీద చెయ్యి వేసి, పక్కవాణ్ణి వదిలి పారిపోనని ఒట్టు పెట్టుకుంటాడు. పొరుగువాళ్ళు మా పశువుల జోలికి రాకుండా ఉన్నది ఆ ఒట్టుకి జడిసే అని మా పెద్దల నమ్మకం. నిజమే అయ్యుంటుంది.

ఆలివ్ కాయలు దులిపే రోజుల్లో, ఎండ బాగా కాస్తుండగా, నేను దొరవారి వాకిట్లో అరుగు మీద కూచుని నా తాబేటి చిప్ప వీణకి కొత్త తీగ బిగిస్తున్నాను. జనమంతా తోటల్లో ఉన్నారు. బయటి ద్వారం పక్కన ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. నెరిసిన గడ్డం, చేతుల మీద పుండ్లు మానిన మచ్చలు. అడుక్కోవడానికి వచ్చినవాడైతే లోపలికి వచ్చి పొయ్యి పక్కన బూడిదలో కూలబడాలి, కాదనేవాళ్ళు లేరు. ఇతను గడప వంక చూస్తాడే గాని అడుగు వెయ్యడు.

"పై స్వరం ఎత్తుకుంటే ఇంకా గొంతు చీలుతోందా తెలెస్?" అన్నాడు.

ఎవడివయ్యా నువ్వు అని గద్దించాను.

"పడవలో నీ వెనక కూచున్నవాణ్ణి. నువ్వు తెడ్డు వేసినప్పుడల్లా ఆ ఉప్పు నీళ్ళన్నీ నా మొహాన కొట్టేవాడివి. ఊళ్ళో ఇంకెవడు తాగాడురా అన్ని నీళ్ళు?"

క్లేతోర్! లేచి దగ్గరికి వెళ్ళాను, తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. దిబ్బ పోసిన మనిషిని ముట్టుకుంటే మైల. అతను అది చూసి, తప్పుపట్టనట్టు తల ఊపాడు.

అప్పుడే అతని భార్య అరిస్తిల్ల గంపతో తోట నుంచి వచ్చింది. ఇన్నేళ్ళూ ఊరు ఆమెని వీరుడి భార్య అని నెత్తిన పెట్టుకుంది. ఆ గౌరవంతోనే ఆమె చిక్కి సగమైంది. పెళ్ళాడతామని వచ్చినవాళ్ళని అత్తగారు గుట్ట మీద నుంచే తిట్టి తరిమేది. ఆమె అతన్ని పోల్చుకోవడానికి నాకు పట్టినంత సేపు పట్టలేదు. గంప జారి కాయలు దొర్లిపోయాయి. పరుగెత్తుకొస్తుంటే అతనే వెనక్కి తగ్గాడు.

"ముట్టుకోకు అరిస్తిల్లా. నా దిబ్బ అదిగో, ఇక్కడికే కనపడుతోంది. ఇంట్లో పొయ్యి మైలపడుతుంది."

"పడనీ" అంది ఆమె.

పడనివ్వడం ఆమె ఒక్కదాని చేతిలో లేదు. దిబ్బ లేచిన మనిషి గడప దాటకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, దేవుళ్ళకి బలి ఇచ్చేచోట నిలబడకూడదు. భార్య పక్కన పడుకోవడం సంగతి అడగనే అక్కర్లేదు. నేను వెళ్ళి ఎఖెమోస్‌ని పిలుచుకొచ్చాను. అతను క్లేతోర్‌కి బాబాయి, ఇన్నేళ్ళుగా ఊరి పెత్తనం అతనిదే. పెద్దలు కూడా వచ్చి అంత దూరంలో కూచున్నారు. ఎఖెమోస్ చెడ్డవాడు కాదు. అన్న కొడుకుని చూసి ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని వ్యవహారంలోకి దిగాడు.

ఎదురుగా ఉన్న మేకల దీవిలో రాతి గుడిసె ఉందని, రొట్టే నూనే ద్రాక్షసారా ఎప్పటికప్పుడు పంపిస్తామని, ఎవరో కాపరి అనుకుంటారని చెప్పాడు. తనకి ఇల్లే కావాలని క్లేతోర్ అన్నాడు. ఇంకేమీ వద్దట. పెత్తనం బాబాయే ఉంచుకోవచ్చట, చివరి పీట మీద కూచోమన్నా కూచుంటాడట. ఆ పొయ్యి దగ్గర, ఆ భార్య పక్కన పడుకుంటే చాలట.

దానికి మా దగ్గర ఒక్కటే దారి ఉంది. దిబ్బ లేచినవాడు మళ్ళీ పుట్టాలి. ఆ ఇంటి ఆడమనిషి అతన్ని ఒళ్ళోకి తీసుకోవాలి. పురిటిస్నానం చేయించి, పొత్తిళ్ళలో చుట్టి, రొమ్ము నోటికి అందించాలి. గడ్డం నెరిసినా సరే, నలుగురూ చూస్తుండగా ఇదంతా జరగాలి. అరిస్తిల్ల ముందుకొచ్చి నేను చేస్తాను అంది. మగవాళ్ళందరం తలలు దించుకున్నాం. మంత్రసాని ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు చేస్తే నీకు కొడుకవుతాడు తల్లీ. ఇక మొగుడు కాలేడు."

అరిస్తిల్ల ఉన్నచోటే నేలమీద కూచుండిపోయింది. ఇక మిగిలింది నికిప్పె ఒక్కతే. ఆమె ఒప్పుకోకపోతే మేకల దీవే గతి.

"బాగా ఆలోచించుకోరా" అన్నాడు ఎఖెమోస్. "నిన్ను గుడ్డల్లో చుట్టడం చూసిన కుర్రాళ్ళు రేపు ఆ దిబ్బ మీద చెయ్యి వేసి ఏమని ఒట్టు పెడతారు?"

నా పాటలో క్లేతోర్ అయితే ఆ మాటకి నేల మీద ఉమ్మేసి సముద్రంలోకి నడిచిపోయేవాడు. నేనూ అదే జరుగుతుందనుకున్నాను, చరణం కూడా మనసులో మెదిలింది. ఈ క్లేతోర్ నేల వంక చూసి, స్నానానికి నీళ్ళు ఎవరు కాస్తారని అడిగాడు. అతనంత అలిసిపోయిన మనిషిని నేను చూడలేదు. నాకు సిగ్గేసింది, ఎవరి తరఫున సిగ్గుపడుతున్నానో తెలియలేదు.

అందరం గుట్ట ఎక్కాం. నికిప్పె దిబ్బకి ఆనుకుని కూచుంది. కింద జరిగింది అప్పటికే ఎవరో చెప్పేశారు. ఆమె మా వైపు తిరగలేదు.

"నా కొడుకు ఇందులో ఉన్నాడు" అంది.

లేడమ్మా, అందులో నీ జుట్టు తప్ప ఏమీ లేదు అన్నాడతను. ఆ గొంతు విని ఆమె వీపు బిగుసుకుంది. అయినా తిరగలేదు.

"బతికే ఉన్నవాడివి, పిలిస్తే పలకలేదేం?"

"విన్నానమ్మా. మూడు పిలుపులూ విన్నాను."

అతను నిలబడే చెప్పుకొచ్చాడు. దొర చెబుతున్నట్టు లేదు, కూలివాడు చేసిన పని అప్పజెబుతున్నట్టు ఉంది. రథం బోల్తాపడి బ్రియాస్ తొడ ఎముక విరిగింది. అతన్ని ఈడ్చుకుంటూ ఏటి ఒడ్డున రెల్లులో దూరాడు. రెల్లుకీ పడవలకీ మధ్య శత్రువులు పొదలు వెతుకుతున్నారు. క్లేతోర్ ఒక్కడే అయితే నీళ్ళలోపల ఈదుకుంటూ మమ్మల్ని చేరుకునేవాడే, ఈతలో అతనికి సాటి లేడు. వెళ్ళిపొమ్మని బ్రియాసే అన్నాడట. వెళితే బ్రియాస్ ఆ బురదలో ఒంటరిగా చస్తాడు. పలికితే ఇద్దరూ దొరికిపోతారు.

"మూడోసారి పిలిచినప్పుడు వాడు నా బదులు పలకబోయాడు, ఇక్కడున్నాడని చెప్పడానికి. నేను వాడి నోరు మూశాను."

అతను నా వైపు చూశాడు.

"వాణ్ణి మాత్రం నువ్వు పిలవలేదు తెలెస్."

పిలవలేదు. దొరల పేర్లే పిలుస్తాం. రథం తోలేవాళ్ళూ డాళ్ళు మోసేవాళ్ళూ దొర పేరు చాటునే పోతారు, అది పద్ధతి. నేను ఆ మాటే గొణిగాను.

"వాడేం అనుకోలేదులే. నన్ను పిలవలేదు చూశావా, ఊరి లెక్కలో నేనింకా బతికే ఉన్నాను, చచ్చింది నువ్వేరా అని నవ్వాడు. అంత నొప్పిలోనూ నవ్వాడు."

తెల్లారాక శత్రువులు వాళ్ళని కనిపెట్టారు. ఆ మాటకి నికిప్పె మా వైపు తిరిగింది. ఆమె కళ్ళు చూస్తే నాకు భయమేసింది.

"అప్పుడైనా కత్తి తీశావా?"

"లేదమ్మా. డాలు కింద పెట్టి వాళ్ళ నాయకుడి మోకాళ్ళు పట్టుకున్నాను. గడ్డం కూడా పట్టుకున్నాను."

"బ్రియాస్ కోసం."

"వాడి కోసమే అని చెప్పాలని ఉంది. నాకూ బతకాలనిపించింది."

పెద్దల్లో ఒకాయన లేచి అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. ఎఖెమోస్ మొహాన చెయ్యి పెట్టుకున్నాడు. మాకు దీన్ని మించిన తలవంపు లేదు. నేను వీరుల చావులు పాడి బతికేవాణ్ణి, నా మనసూ చివుక్కుమంది. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. శవాన్ని వదలని మనిషిని నేను ఇన్నేళ్ళు మెచ్చుకున్నాను. ఇతను వదలనిది బతికున్న మనిషిని. దానికి చెల్లించింది చావుతో కాదు, పరువుతో. నా పాటలో దానికి చోటు లేదు. పాటని తిట్టుకున్నాను, నన్నూ తిట్టుకున్నాను.

తర్వాత కథ అతను తొందరగా ముగించాడు. ఇద్దర్నీ ఉప్పు మళ్ళకి అమ్మేశారు. కుంటివాణ్ణి గెంటెయ్యకుండా వాడి వంతు ఉప్పు కూడా ఇతనే గీసేవాడు. ఒక చలికాలం బ్రియాస్ దగ్గుతో మంచం పట్టి, ఇతని ఒళ్ళో తలపెట్టుకుని పోయాడు. దిబ్బ పోశావా అని నికిప్పె అడిగింది. ఉప్పు నేలలో దిబ్బ నిలవదన్నాడు. ఇక అక్కడ ఉండవలసిన పని లేకపోయింది కాబట్టి పారిపోయి వచ్చాడు.

నికిప్పె మళ్ళీ సముద్రం వంక తిరిగింది. బ్రియాస్ ఎవరో బయటివాళ్ళకి చెప్పాలి. తన ఊళ్ళో హత్య చేసి దేశాలు పట్టిన ఎవరో మనిషి, పసిగుడ్డు బ్రియాస్‌ని ఈమె పొయ్యి దగ్గర పడుకోబెట్టి కన్నుమూశాడు. అప్పటికి క్లేతోర్ కూడా పాలు తాగే పిల్లాడే. ఇద్దర్నీ ఆమే పాలిచ్చి పెంచింది.

"కుడివైపు నువ్వు, ఎడమవైపు వాడు" అంది నికిప్పె, ఎవరితోనో అన్నట్టు. "పాటలో వాడు మొదట్లోనే చచ్చిపోతాడు. నేనెప్పుడూ అక్కడ ఏడవలేదు. నీ చావు వస్తుంది కదా అని కన్నీళ్ళు దాచుకునేదాన్ని. ఒక్కసారైనా ఏడవలేదురా వాడికి."

లేవబోయి తూలింది. నేను పట్టుకున్నాను. నీళ్ళు కాచమని చెప్పు తెలెస్, అంది.

"వదినా, ఒక్క మాట" అన్నాడు ఎఖెమోస్. "దిబ్బని తవ్వనివ్వను. క్లేతోర్ అనే పేరు దానిదే. పుట్టేవాడికి ఆ పేరు పెట్టడానికి వీల్లేదు. ఆ పేరు మీద ఊరు నిలబడి ఉంది."

"ఉంచుకోవయ్యా మరిదీ, నీ పేరు నువ్వే ఉంచుకో" అంది ఆమె, ఒగరుస్తూ గుట్ట దిగుతూ. 

గడప బయట వాకిట్లో పెద్ద తొట్టి పెట్టారు. ఊరంతా చేరింది, నూనె మరకల చేతులతోనే వచ్చేశారు. మంత్రసాని అతని చేత బట్టలు విప్పించి, తొట్టిలో కూచోబెట్టి, చంటిపిల్లకి పోసినట్టే నెత్తి మీద చెయ్యి అడ్డం పెట్టి పోసింది. వీపు మీద కొరడా గీతలు బయటపడ్డాయి. పాత దుప్పట్లు చింపి చుట్టారు. ఎంత చుట్టినా పాదాలు బయటికే ఉన్నాయి. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. వాణ్ణి చూసి ఇంకొందరు నవ్వారు. వాళ్ళని తప్పుపట్టలేను, చూడ్డానికి అలాగే ఉంది.

నికిప్పె నేల మీద కాళ్ళు చాపుకుని కూచుంది. నలుగురు పట్టుకుని అతని తలా భుజాలూ ఆమె ఒళ్ళో పెట్టారు. ఆమె భుజం దగ్గర బట్టకి గుచ్చిన సూది తీసి, ఎండిపోయిన రొమ్ము బయటికి తీసింది. అతను కళ్ళు మూసుకుని పెదవులు ఆనించాడు. అందరం మొహాలు పక్కకి తిప్పుకున్నాం.

"ఇక ఏడవాలి" అంది మంత్రసాని.

మాకు అర్థం కాలేదు. పుట్టిన బిడ్డ ఏడిస్తేనే పుట్టినట్టు, ఏడవకపోతే చచ్చిపుట్టినట్టే, తీసుకెళ్ళి మట్టిలో పెట్టాల్సిందేనని ఆమె విసుగ్గా చెప్పింది. ఇన్ని పురుళ్ళు పోసిన మనిషికి మాకు ఇది చెప్పాల్సిరావడమే వింతగా ఉన్నట్టుంది.

అతను ప్రయత్నించాడు. క్యార్ అన్నాడు ఒకసారి, పిల్లిలాగా. ఈసారి నవ్వు పెద్దగానే వచ్చింది. మళ్ళీ ప్రయత్నిస్తే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"రావడం లేదు. ఉప్పు మళ్ళలోనే అయిపోయింది" అన్నాడు, క్షమించమన్నట్టు.

మంత్రసాని తల అడ్డంగా ఊపింది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎఖెమోస్ గొంతు సవరించుకుని, దీవికి పడవ సిద్ధం చెయ్యమని పక్కవాడికి చెప్పాడు. కటువుగా కాదు, ఎంతో దిగులుగానే చెప్పాడు. అరిస్తిల్ల గుప్పిట నోట్లో పెట్టుకుని కొరుక్కుంటోంది. నాకు అప్పుడు దేవుళ్ళ మీద, ఆచారాల మీద, మంత్రసాని మీద, అందరిమీదా కోపమొచ్చింది. నవ్వినవాడి మీద మాత్రం రాలేదు.

నికిప్పె ఇవేమీ వినలేదు. ఒళ్ళో ఉన్న మొహాన్నే చూస్తోంది. కుడి రొమ్ము మీంచి అతని తల మెల్లగా తీసి ఎడమవైపుకి మార్చుకుంది. వంగి చెవి దగ్గర పిలిచింది.

"బ్రియాస్."

"వదినా" అన్నాడు ఎఖెమోస్, "అది ఆ పోయినవాడి..."

"ఈ పేరు ఎవరూ పిలవలేదు కదయ్యా. దీనికి దిబ్బ లేదు, మైల లేదు. ఇది ఇంకా నా ఇంటిదే." మళ్ళీ వంగింది. "బ్రియాస్, నాన్నా, ఇంటికొచ్చేశావురా. ఇక నొప్పి ఉండదు."

గుడ్డల కింద అతని ఛాతీ ఒక్కసారి ఎగిసింది. మొదట శబ్దం లేదు. తర్వాత వచ్చింది. వీరులు ఏడవడం నేను బోలెడన్నిసార్లు పాడాను, ఎక్కడ గొంతు వణికించాలో నాకు తెలుసు. ఇలా ఉంటుందని తెలియదు. చేతులు గుడ్డల్లో కట్టేసి ఉన్నాయి కాబట్టి మొహం దాచుకోలేకపోయాడు. నోరంతా తెరిచి, ముక్కూ కళ్ళూ కారిపోతూ, ఊపిరి అందక మధ్యమధ్యలో ఆగుతూ ఏడ్చాడు. నవ్వేవాళ్ళు ఆగిపోయారు. నికిప్పె కూడా ఏడుస్తోంది, అతని నుదుటి మీదే.

"బతికాడు" అంది మంత్రసాని, చేతులు తుడుచుకుంటూ.

ఇక ముట్టుకోవచ్చా అని అరిస్తిల్ల అడిగింది. ముట్టుకోమన్నాక దగ్గరికి వచ్చి, బయటికి ఉన్న ఆ రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకుంది. ఎంత చల్లగా ఉన్నాయో అంది. పుట్టిన బిడ్డ నడవకూడదు కాబట్టి నేనూ ఎఖెమోసూ చెరోపక్కా పట్టుకుని గడప దాటించాం. పొయ్యి పక్కన పడుకోబెట్టినా అతని ఏడుపు ఆగలేదు. ఆపమని ఎవరూ అనలేదు.